ఒకే అద్దం కోసిన రెండు దవడలు

మా డాన్సర్ల వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక కొత్త అమ్మాయి తన కనుబొమ్మ ఫోటో పెట్టింది. కుట్లు ఇంకా నల్లగా కనిపిస్తున్నాయి. కింద ఒక ప్రశ్న: "అక్కలూ, ఎన్ని రోజులకి మేకప్ వెయ్యొచ్చు? ఆదివారం షూట్ ఉంది." నేను "వెయ్యొద్దు" అని పెట్టాను. "ఎందుకక్కా?" అంది. ఫోన్‌లో జవాబు మొదలుపెట్టి నాలుగుసార్లు చెరిపేశాను. అది రెండు లైన్లలో చెప్పే సంగతి కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో నా ధైర్యం గురించి ఏమీ ఉండదు. ఏడాదిన్నర పాటు నా మచ్చ చూసుకుని బాధపడిన దానికంటే స్రవంతి దవడ చూసి కుళ్లుకున్నదే ఎక్కువ. ఆ కుళ్లు తీసేసి రాస్తే సగం అబద్ధం రాసినట్టే. కాబట్టి అదీ రాస్తాను.

ఫిబ్రవరి

ఫిల్మ్‌నగర్ గుట్ట పక్కన ఒక స్టూడియో ఫ్లోర్‌లో పాట షూటింగ్. సెట్టంతా నిలువెత్తు అద్దాలు. నేను మొదటి వరుసలో, హీరోకి ఎడమ పక్కన రెండో అమ్మాయిని. ఆ చోటు కోసం నాలుగేళ్లు పట్టింది నాకు. మూడో వరుసలో మొదలుపెట్టి, ఎవరికి జ్వరం వస్తుందా, ఎవరికి పెళ్లవుతుందా అని కాచుకుని కాచుకుని ముందుకొచ్చాను. మొదటి వరుసలో ఉంటే మాస్టర్లు పేరుతో పిలుస్తారు. వెనక వరుసలో ఉంటే "ఆ గ్రీన్ చున్నీ అమ్మాయి" అంటారు.

స్రవంతి అప్పటికింకా మూడో వరుసే. మా ఇద్దరికీ యూనియన్ కార్డు ఒకే నెలలో వచ్చింది. తనది బోరబండ, అమ్మతో ఉంటుంది. నాది కృష్ణానగర్‌లో ఒక గది, అమ్మ తణుకులో. స్రవంతికి నాకంటే మంచి నడుము, నాకు స్రవంతికంటే మంచి ముఖం. ఈ లెక్క మేం ఎప్పుడూ పైకి అనుకోలేదు గానీ ఇద్దరికీ తెలుసు.

చరణానికి ముందు వరుసలు మారే చోట రిహార్సల్ చేస్తున్నాం. తను వెనకనుంచి ముందుకొస్తోంది, నేను పక్కకి జరుగుతున్నాను. ఒక అద్దం ఫ్రేము సరిగ్గా బిగించలేదో ఏమో, మా ఇద్దరి మధ్య పడింది. శబ్దం తప్ప ఇంకేం గుర్తు లేదు. తర్వాత మెడ మీద వెచ్చగా తడి.

జూబ్లీహిల్స్‌లో దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి ఇద్దర్నీ ఒకే కారులో తీసుకెళ్లారు. ఒకే డ్యూటీ డాక్టర్, పక్కపక్క మంచాలు. నాకు ఎడమ దవడ మీంచి మెడలోకి దిగింది, ఏడు కుట్లు. స్రవంతికి కుడి దవడ వెంట అడ్డంగా పోయింది, తొమ్మిది. బయటికొచ్చాక కట్లతో ఒకరినొకరు చూసుకుని నవ్వు ఆపుకోలేకపోయాం. నవ్వితే కుట్లు లాగుతున్నాయి, అది చూసి ఇంకా నవ్వు.

"నాకే రెండు ఎక్కువ పడ్డయ్ చూడు," అంది స్రవంతి ఆటోలో. "ఎప్పుడన్న ఒక్కసారి నేను నీకంటె ముందున్న."

మార్చి

కుట్లు తీసిన మర్నాడే మాస్టర్ ఫోన్ చేశారు.

"ఏమ్మా కరుణా, కుట్లు తీశారా?"

"నిన్నే తీశారు మాస్టర్."

"హమ్మయ్య. పాట సగమైపోయింది. పల్లవంతా నువ్వు హీరో పక్కనే కనిపిస్తున్నావు. చరణంలో లేకపోతే కంటిన్యుటీ పోతుంది. రెండ్రోజులు, అంతే. రామ్మా."

మా పనిలో కంటిన్యుటీ అంటే శాసనం. మొదటి రోజు షాట్‌లో ఏ చెవికి ఏ జుంకా ఉందో పదో రోజూ అదే ఉండాలి. మనిషి కూడా జుంకాలాంటిదే. పాట మధ్యలో నేను మాయమైతే తెర మీద తప్పు కనిపిస్తుంది. ఇలాంటి పిలుపు వచ్చిందంటే మాకు భయం వెయ్యదు, గర్వం వేస్తుంది. నేను లేకపోతే ఆగేది ఒకటుందన్నమాట! మా లోకం బయట ఎవరూ ఈ తప్పు చెయ్యరు. కాలు విరిగిన గుమాస్తా రెండు వారాలు సెలవు పెడతాడు. మేం కంటిన్యుటీ అనగానే లేచి వెళ్తాం.

స్రవంతిని ఎవరూ పిలవలేదు. మూడో వరుసలో ఎవరున్నారో, ఎవరు లేరో కెమెరాకి పట్టదు. నేను వెళ్తున్నానని తనకి ఫోన్ చేసి చెప్పాను.

"నీకేందే. నువ్వు లేకుంటె పాట ఆగుతది," అంది. "నన్నెవరు అడుగుతరు? ఇంట్ల పండుకుంట."

ఆ గొంతులో కుళ్లు నాకు బాగానే వినిపించింది. నిజం చెప్పాలంటే హాయిగా కూడా అనిపించింది.

మేకప్ మూర్తిగారు నా గడ్డం పైకెత్తి చూసి బ్రష్ కింద పెట్టేశారు. "ఇది ఇంకా పచ్చిగా ఉందమ్మాయ్. దీని మీద ప్యాన్‌కేక్ మేకప్ ఎలా వేస్తాను?"

"వెయ్యండి మూర్తిగారూ. మాస్టర్ చూస్తున్నారు."

ఆయన నిట్టూర్చి, సన్నటి టేపు ఒకటి మీసాలంటించే గమ్‌తో గాయం మీద అంటించి, దాని మీద ప్యాన్‌కేక్ మెత్తారు. అద్దంలో చూసుకుంటే గాయమే లేదు. ఆయన చేతులకి దండం పెట్టాను. ఆ చరణంలో స్టెప్పు ఏమిటంటే ప్రతి దెబ్బకీ తల వెనక్కి ఎగరెయ్యడం. రెండు రోజులు, లైట్ల వేడిలో, చెమటలో, కొన్ని వందలసార్లు ఎగరేశాను. రెండో రోజు టేపు పీకుతుంటే దానితోపాటు గాయం అంచు కూడా ఊడి వచ్చింది. నెత్తురు దూదితో తుడిచేసి ఎవరికీ చెప్పలేదు.

తర్వాత సినిమా వచ్చాక ఆ పాట చూశాను. చరణంలో నేనున్న షాట్ ఒకటే ఉంది. పైనుంచి తీసిన వైడ్ షాట్. అందులో నేను అగ్గిపుల్లంత ఉన్నాను. పక్కన పుల్ల ఎవరో నాకే తెలియలేదు.

జూన్

మొదట దురద. తర్వాత ఎరుపు. తర్వాత వేలితో తడిమితే ఉబ్బు. ఏప్రిల్‌లో చీమ పాకినంత గీత, జూన్ వచ్చేసరికి లావుపాటి తాడు ముక్కలా తయారైంది. గాయం ఎక్కడిదాకా ఉందో అక్కడ ఆగలేదు. రెండు పక్కలా పాకింది. మెడ మీద చొక్కా కాలరు తగిలితే మంట. ఎవరేం చెబితే అది రాశాను. కొబ్బరినూనె, ఉల్లిరసం, కలబంద. ఒకావిడ టూత్‌పేస్ట్ అంది, అదీ రాశాను.

అదే జూన్‌లో ఒక రిహార్సల్ హాల్లో స్రవంతిని చాలా రోజుల తర్వాత దగ్గరగా చూశాను. జుట్టు పైకి ముడేసుకుంది. కుడి దవడ కింద, ఎముక నీడలో, సన్నటి లేత గీత. వెతికితే తప్ప కనపడదు. తొమ్మిది కుట్లు! నావి ఏడే. ఒకే అద్దం, ఒకే రోజు, ఒకే డాక్టర్, ఒకే దారం.

"ఏం రాశావే?" అని అడిగాను.

"ఏం రాయలే. డాక్టర్ జెల్లు పట్టీ ఇస్తే అంటించిన. ఎండల తిరగలే. నెలన్నర ఇంట్లనే ఉన్న గదా, పనేడిది నాకు?"

తను మామూలుగానే చెప్పింది. నాకు మాత్రం దెప్పినట్టు వినిపించింది. ఆ సాయంత్రం గదికొచ్చి తన ఫోటోలన్నీ ఫోన్‌లో తెరిచి, రెండు వేళ్లతో దవడ దగ్గర పెద్దది చేసి చేసి చూశాను. ఎక్కడైనా ఉబ్బు ఉందా అని. ఒక ఫోటోలో కొంచెం నల్లగా కనిపిస్తే ప్రాణం లేచొచ్చింది. అది చెవికమ్మ నీడ.

మాస్టర్ నన్ను చూసి "ఇది తగ్గాక చూద్దాంలేమ్మా" అన్నారు. మొదటి వరుసలో నా చోటు ఖాళీ అయింది. అందులోకి ఎవరొచ్చారో వేరే చెప్పాలా? పనికిరానని ఇంట్లో కూర్చోబెట్టినందుకు తన మచ్చ మానింది. పనికొస్తానని పిలిచినందుకు నాది ముదిరింది. ఆ న్యాయం ఏమిటో ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

జులై

ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాస్తున్నాను.

మాస్టర్ ఫోన్ చేశారు. ఒక పాటలో హీరో ఒక డాన్సర్ చెయ్యి పట్టుకుని తిప్పే చిన్న బిట్ ఉంది. అమ్మాయి ముఖం నిండుగా కనిపించే క్లోజప్. మా బతుకుల్లో అలాంటిది ఎప్పుడో ఒకసారి వస్తుంది. కొందరికి అదీ రాదు.

"స్రవంతిని పెడదామనుకుంటున్నానమ్మా," అన్నారు. "మీరిద్దరూ దగ్గర కదా, నిజం చెప్పు. ఆ దవడ మీద గీత దగ్గర్నుంచి కనిపిస్తుందా?"

నా చెయ్యి నా మెడ మీదే ఉంది. తాడు వేడిగా ఉంది.

"కనిపిస్తుంది మాస్టర్," అన్నాను. "మేకప్ మీద చెమట పడితే బాగా తెలుస్తుంది."

ఆయన "ఓహో, అలాగా" అని పెట్టేశారు. ఆ బిట్ ఇంకో అమ్మాయికి వెళ్లింది. తప్పు చేశానన్న బాధ ఆ రోజు కలగలేదు. అన్నం సయించింది. నిద్ర పట్టింది. బాధ తర్వాత వచ్చింది, అదీ విడతలుగా.

ఆగస్టు

అమ్మ తణుకు నుంచి వచ్చి నా మెడ చూసి ప్రార్థన చేసింది. ప్రార్థన అయ్యాక ఆసుపత్రికి పదమంది. రోడ్డు పక్క బోర్డుల్లో "మచ్చలు మాయం" అని రాసిన చోటికి వెళ్దామన్నాను నేను. మూర్తిగారు వద్దన్నారు. తన మరదలికి కాలిన చెయ్యి బాగుచేసిన ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి పంపారు. ఆ ప్యాన్‌కేక్ వేసింది తనే అన్న దిగులు ఆయన ముఖంలో ఉంది. ఫోన్ చేసి టైము తీసుకున్నది కూడా ఆయనే.

స్రవంతి తనంతట తానే వచ్చింది. "నేను గూడ వస్త," అంది. నాకు ఒళ్లు మండింది. ఆ దవడ వేసుకుని నా పక్కన కూర్చుంటే నన్ను చూసినవాళ్లు తననీ చూస్తారు, తేడా చూస్తారు. అదే చూపించడానికి వస్తోందనుకున్నాను. ఆ తర్వాత ఫోన్లో నేనన్న మాట గుర్తొచ్చి, ఛీ, పాపం అనుకున్నాను. రెండూ ఒకేసారి అనుకోవచ్చని అప్పుడే తెలిసింది.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. వేలితో మచ్చ అంచులు తడిమి, గడ్డం పైకి, కిందికి తిప్పించింది. ఎలా జరిగిందో అడిగింది. తర్వాత చెప్పింది.

"చూడమ్మా, గాయం పడగానే ఒంటికి తొందర. అందం చూసుకోదు. ముందు కన్నం మూసెయ్యాలి. లోపల నారలాంటిది గబగబా అల్లేస్తుంది. అందుకే ఏ మచ్చయినా మొదట్లో ఎర్రగా, గట్టిగా ఉంటుంది. తర్వాత ఏడాది దాకా సర్దుకుంటూ పల్చబడుతుంది. కొందరి చర్మానికి ఆపడం తెలీదు. గాయం దాటి కూడా అల్లుతూనే పోతుంది. నీది అదే. కీలాయిడ్ అంటాం."

"కోసి తీసెయ్యండి," అన్నాను.

"కోస్తే ఇంకో గాయం. నీ చర్మం మళ్లీ మొదలుపెడుతుంది. ఈసారి ఇంతకంటే పెద్దది రావచ్చు. ముందు దీన్ని సూదులతో చల్లార్చాలి. కుట్లు తీశాక ఎన్నాళ్లు విశ్రాంతి తీసుకున్నావు?"

"ఒక్క రోజు."

ఆవిడ అది కాగితం మీద రాసుకుంది. తిడితే బాగుండేది. "మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది ఉందా?" అంది.

"లేదండీ," అన్నాను. చెప్పి పక్కకు చూస్తే అమ్మ చెయ్యి తన ఎడమ చెవి మీద ఉంది.

అమ్మ చెవి తమ్మె వెనక శనగగింజంత కాయ ఉందని నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. అది పుట్టుమచ్చ అనుకునేదాన్ని. చెవి కుట్టించిన చోట లేచిందట. ఎవరికీ కనపడకుండా జుట్టు ఎప్పుడూ చెవుల మీదికి దువ్వుకుంటుంది. నా చెవులు శుభ్రంగా మానాయి కాబట్టి నాకు రాదనుకుందట.

బయటికొచ్చి అమ్మ మీద విరుచుకుపడ్డాను. "ముందే ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"చెవి మీద కాయ గురించి ఎవరు చెప్పుకుంటారే?" అంది అమ్మ. "మీ నాన్నకే చాలా ఏళ్లు తెలీనివ్వలేదు." అని అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. స్రవంతి వెళ్లి పక్కన కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను. మా అమ్మని కూడా తనే ఓదారుస్తోందే అని అప్పుడూ కుళ్లే.

బయటికి రాకముందే డాక్టరమ్మని ఇంకోటి అడిగాను. ఇద్దరికీ ఒకే గాజు తగిలితే తనకెందుకు రాలేదని. మూడు కారణాలు చెప్పింది. తన గీత చర్మం మడతల దారి వెంట పోయింది, నాది ఆ దారికి అడ్డం పడి మెడలోకి దిగింది, తల ఎత్తినప్పుడల్లా లాగుతుంది. తను విశ్రాంతి తీసుకుంది, నేను తీసుకోలేదు. నాకు అమ్మ చర్మం వచ్చింది. మూడూ విన్నాక నేను ఒక్క మాటే పట్టుకున్నాను: దానిది అదృష్టం.

శీతాకాలం

నెలకో సూది. మచ్చలోకే గుచ్చుతారు. గట్టిపడిన చర్మంలోకి మందు వెళ్లనంటుంది, డాక్టరమ్మ బొటనవేలు వణికేలా నొక్కుతుంది. ఆ నొప్పిని ఎలా రాయాలో తెలియడం లేదు. చెవిలోకీ పంటిలోకీ ఒకేసారి పాకుతుంది. ప్రతిసారీ స్రవంతి వచ్చేది. ప్రతిసారీ మంచం పక్కన నిలబడి నా ముఖంలోకే చూసేది. నేను ఏడవకూడదనుకున్నాను. ఎవరి ముందైనా ఏడుస్తాను గానీ ఈ దవడ ముందు ఏడవను. తన చెయ్యి దొరికితే గట్టిగా పట్టుకుని పళ్లు బిగించేదాన్ని.

వెయిటింగ్ హాల్లో మాదో చిన్న ఊరు తయారైంది. అందరికీ అందరి మచ్చలూ తెలుసు. నేను ప్రతి ఒక్కరి మచ్చనీ నాదానితో తూచేదాన్ని. కాలు మీద ఉన్నవాళ్లని చూస్తే కుళ్లు, ప్యాంటు వేసుకుంటే సరిపోతుంది. వీపు మీద ఉన్నవాళ్లయితే తమది తమకే కనపడదు. టోలిచౌకి నుంచి ఒక పెద్దావిడ వచ్చేది. సమోసాల నూనె ఒలికి ముంజేయి కాలింది. మణికట్టు దగ్గర చర్మం ముడుచుకుపోయి చెయ్యి తిరిగేది కాదు. తొడ మీంచి చర్మం తీసి అక్కడ అతికారు. ఆవిడకి పొడుగు చేతుల కుర్తా ఉంది కదా అని ఆవిడ మీద కూడా కుళ్లుకున్నాను.

ఆవిడే ఒకరోజు నా పక్కకి జరిగి చేతిలో సోంపు పోసింది.

"సూది పడేటప్పుడు గట్టిగ బిగవట్టకు బేటీ. కాలి బొటనవేలు ఆడియ్యి. దిమాగ్ గాడికి పోతది, నొప్పి జర తక్కువైతది."

నిజంగానే పనిచేసింది. ఆ తర్వాత ప్రతి సూదికీ దుప్పటి కింద నా బొటనవేలు ఆడుతూనే ఉండేది. ఇది చదివేవాళ్లకి నేను ఇవ్వగలిగిన వైద్య సలహా ఇదొక్కటే. మిగతావి డాక్టర్లని అడగండి.

డిసెంబరుకి దురద పోయింది. తాడు మెత్తబడింది, సగం అణిగింది. కానీ అక్కడితో ఆగిపోయింది.

మళ్లీ ఫిబ్రవరి

అద్దం పడి ఏడాది అయ్యాక డాక్టరమ్మ ఆపరేషన్ మాట ఎత్తింది. మిగిలిన గడ్డని తీసేస్తుంది. నిలువుగా దిగిన గీతని మెలికలు మెలికలుగా మార్చి కుడుతుంది, లాగుడంతా ఒకేచోట పడకుండా. ఆ తర్వాత మళ్లీ సూదులు, జెల్లు పట్టీలు, నెలల తరబడి జాగ్రత్త. లేజరు గురించి అడిగితే ఎరుపు తగ్గించడానికి తర్వాత చూద్దామంది.

"మాయమవుతుందా?" అన్నాను.

"మచ్చని మాయం చేసే ఆపరేషన్ ఎక్కడా లేదమ్మా. ఒక మచ్చ తీసుకుని దానికంటే మంచి మచ్చ ఇస్తాం. అంతే మా పని. నీ విషయంలో అది మళ్లీ లేచే భయం కూడా ఉంది. ఆలోచించుకుని చెప్పు."

ఆలోచించుకోవడానికి ఏముంది? ఒకవైపు ఇప్పుడున్నట్టే ఉండిపోవడం. అంటే మొదటి వరుస అయిపోయినట్టే. ఇంకోవైపు కోయించుకోవడం, అది తిరగబడితే ఏ వరుసా ఉండదు. అమ్మ వద్దంది. "ఉన్నది చాలు, ఇంకా పెద్దదైతే?" అని వారం రోజులు ఫోన్లో ఏడ్చింది. వద్దు అన్నందుకు అమ్మ మీద కోపం, చేయించుకో అన్నందుకు స్రవంతి మీద అనుమానం. చివరికి సంతకం పెట్టాను. ధైర్యంతో కాదు, స్రవంతి దవడ గుర్తొచ్చి.

మెడకి మాత్రమే మత్తు ఇచ్చారు. నొప్పి లేదు గానీ లాగడం, కత్తిరించడం అన్నీ తెలుస్తున్నాయి. నా చెవి కిందే దారం జరజరా పోతోంది. డాక్టరమ్మ మధ్యమధ్యలో "బాగున్నావా?" అంటోంది. ఈసారి కుట్లు తీశాక మాస్టర్ నుంచి ఒక ఫోన్ వచ్చింది. పాటుందని, రెండు రోజులేనని. "రాలేను మాస్టర్," అన్నాను. ఆ మాట అనడం సూదికంటే కష్టమైంది. నెలన్నర గదిలోనే ఉన్నాను, తల అటూ ఇటూ తిప్పకుండా. ఎవరూ నా కోసం ఏ పాటా ఆపలేదు.

మళ్లీ ఆగస్టు

ఆపరేషన్ తర్వాత ఐదు సూదులు పడ్డాయి. దవడ కింద నుంచి మెడలోకి ఒక మెలికల గీత ఉంది. లేత గులాబి రంగు. ఇప్పటికైతే లేవలేదు. రెండేళ్ల దాకా కనిపెట్టుకుని ఉండమన్నారు. రోజూ పొద్దున్నే కళ్లు మూసుకుని వేలితో తడుముతాను, ముందు వేలికి తెలిశాకే అద్దం చూస్తాను. పనికి మళ్లీ వెళ్తున్నాను. రెండో వరుస. నా ముందు, మొదటి వరుసలో, హీరోకి ఎడమ పక్కన రెండో అమ్మాయి స్రవంతి. తను తల తిప్పిన ప్రతిసారీ నా కళ్లు ఆ దవడ మీదికే పోతాయి. స్టెప్పు కూడా తప్పుతాను.

ఆరో సూది రోజు వెయిటింగ్ హాల్లో కూర్చున్నాం. స్రవంతి బత్తాయి వలుస్తోంది, నా కోసమే. అందులో గింజలు కూడా తీస్తోంది. ఇక దాచుకోవడం నాకు చేతకాలేదు.

"స్రవంతీ, నీకో మాట చెప్పాలి. పోయినేడాది మాస్టర్ నాకు ఫోన్ చేశారు. క్లోజప్‌లో నీ గీత కనిపిస్తుందా అని అడిగారు. కనిపిస్తుందన్నాను. కావాలనే అన్నాను."

తన వేళ్లు ఆగలేదు. ఇంకో తొన వలిచి కాగితం మీద పెట్టింది.

"ఎరుకే," అంది.

"ఏం ఎరుక?"

"మాస్టర్ గదే రోజు చెప్పిండు. 'కరుణే అన్నదమ్మా, ఏమనుకోకు' అని."

"అప్పట్నుంచీ తెలుసా నీకు? మరి నాతో ఇన్నిసార్లు ఎందుకొచ్చావే?"

స్రవంతి చేతులు చున్నీకి తుడుచుకుంది. అప్పుడు నా వైపు తిరిగింది.

"మొదటి సూదికి నువ్వు ఏడుస్తుంటె చూద్దామనే వచ్చిన. ఇజ్జత్ లేకుంట చెప్తున్న. నా క్లోజప్ పోయింది. నీకు సూది పడ్తదంట, గది కండ్లార చూడాలె అనుకున్న."

"మరి?"

"ఏడిస్తివా నువ్వు? నా చెయ్యి వట్టుకొని గోర్లు దించినవ్. నాలుగు దినాలు ఉన్నయ్ ఆ గుర్తులు. సరే, రెండోసారి చూద్దామనుకున్న. అప్పుడు గూడ ఏడ్వలే. మూడోసారి గూడ అంతే. ఎంత మొండిదానివే నువ్వు! గట్ల వస్త వస్త అలవాటైపోయింది."

తను బత్తాయి తొనల కాగితం నా ఒళ్లోకి జరిపింది. నర్సు తలుపు తీసి నా పేరు పిలిచింది.

లోపల ఎప్పట్లాగే మంచం మీద పడుకుని తల పక్కకి తిప్పాను. స్రవంతి ఎప్పట్లాగే పక్కన నిలబడి చెయ్యి ఇచ్చింది. గోళ్లు ఆ పొద్దున్నే కత్తిరించుకుని వచ్చాను. డాక్టరమ్మ సూది ఎత్తింది. దుప్పటి కింద నా బొటనవేలు అలవాటుగా ఆడబోయింది. ఆపేశాను. సూది దిగగానే హాల్లో వాళ్లందరికీ వినపడేలా, గొంతెత్తి, స్రవంతి కళ్లలోకి చూస్తూ ఏడ్చాను.